ఆశ్రయం ఇచ్చిన ఇంటి హక్కు

 

కొన్ని మాసాల క్రితం బందరులో జుమా నమాజు ముగిసి, సలాములు, ముసాఫహాలు అవుతూ ఉండగా గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మా పక్కన వచ్చి కూర్చున్నారు. వయసు అరవై దాటి ఉంటుంది. చేతిలో తస్బీహ్ ఉంది. కాసేపు మా క్షేమసమాచారాలు అడిగి, తర్వాత మెల్లగా “హజ్రత్, రొయ్య హలాలా, మక్రూహా?” అన్నారు.

కృష్ణా జిల్లాలో మౌల్వీగా ఉన్నవాడు ఈ ప్రశ్నను తప్పించుకోలేడు. పెళ్లి దావత్‌లోనూ అడుగుతారు, జనాజా నుంచి తిరిగి వస్తూ కూడా అడుగుతారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నీటి జీవాల్లో చేప మాత్రమే హలాల్. రొయ్య చేపల కోవలోకి వస్తుందా, రాదా అన్నదే చర్చ. అరబీలో దీన్ని రూబియాన్ అంటారు, ఉర్దూలో ఝీంగా. హిజ్రీ ఎనిమిదో శతాబ్దపు పండితుడు అల్లామా దమీరీ తన ‘హయాతుల్ హయవాన్’ గ్రంథంలో దీన్ని చిన్న చేపగానే పేర్కొన్నారు. ఇలాంటి మాటలను ఆధారంగా తీసుకుని హనఫీ ఉలమాలలో చాలామంది రొయ్య తినవచ్చునన్నారు. దానికి వెన్నెముక లేదు, అది చేప కాదు, కనుక దూరంగా ఉండటమే మేలని మరికొందరు అన్నారు. షాఫయీలకు ఈ చిక్కే లేదు. తినేవారు తిననివారిని, తిననివారు తినేవారిని నిందించకుండా ఉంటే చాలు. ఇంతకు మించి ఇక్కడ దాని జోలికి పోము.

ఇదే ఆయనకు చెప్పాము. ఆయన తల ఊపారు గానీ లేవలేదు. “అది సరే హజ్రత్, ఇంకొకటి ఉంది” అన్నారు. అప్పుడు తెలిసింది, ఆయన అంత దూరం నుంచి వచ్చింది రొయ్య తినడం గురించి అడగడానికి కాదని.

ఆయనకు సముద్రం వైపు, కృత్తివెన్నుకు దగ్గరలో తండ్రి ఇచ్చిన కొంత పొలం ఉంది. ఒకప్పుడు వరి పండేది. ఇప్పుడు దాన్ని రొయ్యల చెరువుకు లీజుకు ఇచ్చారు. వరి మీద చేతికి వచ్చేదానికి లీజు డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ డబ్బు పోగుచేసి భార్యతో కలిసి హజ్‌కు వెళ్లాలని సంకల్పం. ఇంతలో పక్క పొలం రైతు వచ్చాడు. చెరువులోని ఉప్పునీరు ఊటగా దిగి తన పొలంలోకి వస్తోందని, రెండేళ్లుగా గట్టు వెంబడి వరి ఎర్రబారి చచ్చిపోతోందని, ఇంటి దగ్గర చేతిపంపు నీళ్లు నోట పెట్టలేకపోతున్నామని చెప్పుకున్నాడు. “నేనేం చేయను హజ్రత్? చెరువు నాది కాదు, లీజుదారుడిది. కాగితాలన్నీ ఉన్నాయి. జకాత్ తీస్తున్నాను. ఆయన మన వాడు కూడా కాదు, హిందువు. ఈ డబ్బుతో నా హజ్ అవుతుందా, అవదా?”

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఆయనకు ఒక రొయ్య సంగతి చెప్పాము. మన బజారులో దొరికేది కాదు. కొంతకాలం క్రితం ఒక ఉర్దూ పత్రికలో దాని గురించి చదివి, తర్వాత మాకు తెలిసిన ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడిని అడిగి వివరాలు తెలుసుకున్నాము. ఆ రోజు ఆయనకు చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాము.

వెచ్చని సముద్రాల్లో, పగడపు దిబ్బల మధ్య స్పాంజి అనే ప్రాణి ఉంటుంది. ఉర్దూలో ఇస్ఫంజ్ అంటాము. వెనుకటి రోజుల్లో స్నానానికి, పలక తుడవడానికి వాడిన స్పాంజి ఈ ప్రాణి అస్థిపంజరమే. దానికి కాళ్లు లేవు, కళ్లు లేవు, పరుగెత్తలేదు. ఒళ్లంతా రంధ్రాలు, లోపల సన్నని దారులు. రాత్రీ పగలూ సముద్రపు నీటిని ఆ దారుల గుండా లాగి, అందులోని సూక్ష్మమైన ఆహారాన్ని వడగట్టుకుని, నీటిని మళ్లీ బయటికి వదులుతుంది. ఆ దారుల్లోనే ఒక చిన్న రొయ్య కాపురం ఉంటుంది. మన గోరంత కూడా ఉండని రొయ్య. దాని ముందు గిట్టల్లో ఒకటి శరీరానికి పొంతన లేనంత పెద్దది. ఆ గిట్టను ఠక్కున మూస్తే చిటికె వేసినట్టు చప్పుడు వస్తుంది.

చిటికె అంటున్నాము గానీ అది చిన్న సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సముద్రగర్భంలో జలాంతర్గాముల చప్పుడు పసిగట్టాలని చెవి పెట్టిన నౌకాదళాలకు, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఆగని రొద వినిపించింది. పరిశీలిస్తే అది ఈ జాతి రొయ్యల పని. గిట్ట రెండు పెదవులు ఢీకొట్టడం వల్లనే ఆ చప్పుడు అని చాలాకాలం అనుకున్నారు. 2000లో శాస్త్రవేత్తలు అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాలతో చూశారు. గిట్ట మూసుకునే వేగానికి నీటి ధార దూసుకుపోయి, దాని వెనుక ఒక బుడగ పుట్టి, ఆ బుడగ కుప్పకూలినప్పుడు చప్పుడు వస్తోందని తేలింది. మరుసటి ఏడాది ఇంకో సంగతి బయటపడింది. బుడగ కూలే ఆ క్షణంలో కంటికి కనబడనంత స్వల్పమైన వెలుగు పుడుతుంది, లోపలి వేడి దాదాపు 4,700 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గదు. గింజంత ప్రాణి చేతికి ఇంత ఆయుధం ఇచ్చినవాడు ఎవడు? సుబ్‌హానల్లాహ్!

ఈ ఆయుధాన్ని అది దేనికి వాడుతుందన్నది మాకు ఇంకా ఆశ్చర్యంగా తోచింది. ఎమెట్ డఫీ అనే అమెరికా శాస్త్రవేత్త మధ్య అమెరికాలోని బెలీజ్ తీరంలో ఈ స్పాంజి రొయ్యలను పరిశీలించి 1996లో ఒక విషయం ప్రకటించారు. వీటిలో ఒక జాతి తేనెటీగల్లా, చీమల్లా పెద్ద కుటుంబంగా బతుకుతుంది. ఒక్క స్పాంజిలో మూడు వందలకు పైగా రొయ్యలు ఉండవచ్చు, వాటన్నిటిలో గుడ్లు పెట్టే తల్లి ఒక్కటే. అంతకుముందు సముద్రజీవుల్లో ఇలాంటి కుటుంబం ఉన్నట్టు ఎవరికీ తెలియదు. మామూలు రొయ్య పిల్లలు పుట్టగానే నీటి వాలున ఎటో కొట్టుకుపోతాయి. ఈ జాతి పిల్లలు మాత్రం పుట్టగానే పాకుతూ, తల్లి ఉన్న ఇంట్లోనే ఉండిపోతాయి. చిన్నవి లోపల మేస్తూ ఉంటాయి. పెద్ద గిట్టలున్నవి వాకిట కాపలా కాస్తాయి. పరాయి రొయ్య చొరబడితే, మొదట చూసిన కాపలాదారు చిటికె వేస్తుంది. దాని చిటికె విని మిగతావి వచ్చి అన్నీ కలిసి చిటికెలు వేస్తాయి. చాలాసార్లు ఆ హెచ్చరికతోనే వచ్చినవాడు వెనక్కి పోతాడు.

సూరె నమ్ల్‌లో హజ్రత్ సులైమాన్ (అలై) సైన్యం వస్తుంటే తోటి చీమలను ఇళ్లలోకి వెళ్లిపొమ్మని హెచ్చరించిన చీమ మనకు తెలిసినదే. సులైమాన్ (అలై) అంతటి చక్రవర్తి ఆ చీమ మాట విని చిరునవ్వు నవ్వి, అల్లాహ్‌కు కృతజ్ఞత తెలిపారు. సూరె అన్‌ఆమ్ చదివినవారికి నేల మీది జంతువులూ ఆకాశంలోని పక్షులూ మనలాంటి సముదాయాలేనన్న విషయం కూడా తెలుసు. అయినా మనం వాటిని సముదాయాలుగా ఎప్పుడు చూశాము? కిలోల లెక్కన, కౌంటు లెక్కన చూశాము.

ఇక ఈ రొయ్య ఎందుకింత కాపలా కాస్తుంది? ఖాళీ స్పాంజి దొరకడం కష్టం గనక. ఉన్న ఇల్లు పోతే మరో ఇల్లు లేదు. దాని తిండి కూడా ఆ ఇంట్లోనే. స్పాంజి లాగే నీటితో వచ్చిన నలుసులను, కొంతవరకు ఆ స్పాంజి కండనే తింటుంది. ఇక్కడ మేము ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ రొయ్యల వల్ల ప్రతి స్పాంజికీ మేలు జరుగుతుందని శాస్త్రజ్ఞులు అనడం లేదు. జాతిని బట్టి తేడా ఉంటుంది. కానీ ఇంటి గోడను కొరికి బతికే ఈ ప్రాణి, ఇల్లు కూలేదాకా కొరకదు. తాతలు పెరిగిన స్పాంజిలోనే మనుమలూ పెరుగుతాయి. దానికి షరియత్ లేదు, లెక్క అడిగే రోజు లేదు. సృష్టికర్త దాని స్వభావంలో ఒక హద్దు పెట్టాడు, ఆ హద్దులోనే అది నడుస్తోంది.

ఇల్లు కూలితే ఏమవుతుందో కూడా ప్రపంచం చూసింది. అమెరికాలోని ఫ్లోరిడా అఖాతంలో 1990ల మొదట్లో నీటిలో నాచు విపరీతంగా పెరిగి స్పాంజిలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. తర్వాతి కాలంలో శాస్త్రజ్ఞులు నీటిలో మైకులు దించి విన్నారు. స్పాంజిలు బాగా ఉన్న చోట చిటికెల రొద, చచ్చిన చోట నిశ్శబ్దం. సముద్రంలో పుట్టిన ఎన్నో రకాల పసిపిల్లలు అలాంటి రొదను విని, అటు ఈది ఇల్లు వెతుక్కుంటాయి. ఇల్లు పోయిన చోట పిలిచే గొంతూ పోయింది. అజాన్ ఆగిపోయిన మొహల్లా మాకు గుర్తుకు వచ్చింది.

ఇంతవరకు విని ఆ పెద్దమనిషి “మన దగ్గర ఈ స్పాంజిలు, పగడాలు లేవు కదా హజ్రత్” అన్నారు. నిజమే. పగడానికి తేట నీరు, ఎండ కావాలి. మన కృష్ణమ్మ మంచినీటినీ ఒండ్రుమట్టినీ తెచ్చి సముద్రంలో కలుపుతుంది. మంగినపూడిలో అడుగు పెడితే కాలికి నల్లమన్ను అంటుతుంది. మన దేశంలో పగడపు దిబ్బలు చూడాలంటే మన్నారు అఖాతానికో, లక్షద్వీపానికో, అండమాన్‌కో పోవాలి. అయితే అల్లాహ్ మన తీరాన్ని ఆశ్రయం లేకుండా వదిలిపెట్టలేదు. అక్కడ స్పాంజి చేసే పనిని ఇక్కడ మడ అడవి చేస్తోంది. టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటు నీటితో పాయల్లోకి వచ్చి, మడ చెట్ల వేళ్ల మధ్య బురదలో దాక్కుని పెరిగి, పెద్దవై మళ్లీ సముద్రానికి పోతాయి. నాగాయలంక దాటి హంసలదీవి వైపు, నాచుగుంట వైపు వెళ్లినవారు ఆ వేళ్లను చూసే ఉంటారు. 1989లో ఆ ప్రాంతాన్ని కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఆ అడవి రొయ్యకే కాదు, మనకూ ఇల్లు. అలల ఉధృతిని తగ్గించే గోడ అది. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పది వేల మందికి పైగా చనిపోయారు. ఇప్పటికీ అక్కడి పెద్దలు వయసు చెప్పమంటే ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని చెబుతారు. వారికి గోడ విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు.

అలాంటి చోట 1990ల మొదట్లో రొయ్యల చెరువుల జోరు మొదలైంది. పంట పొలాలు చెరువులయ్యాయి, కొన్నిచోట్ల మడ చెట్లూ పోయాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి చాలామంది అప్పుల్లో మునిగారు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. పంట భూములను, మడ అడవులను చెరువులుగా మార్చవద్దంది, నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలంది. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరప్రాంతపు చెరువులకు రిజిస్ట్రేషన్ పెట్టింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి రావడంతో చెరువులు మళ్లీ ఊపందుకున్నాయి. ఈ పని వల్ల వేల కుటుంబాలకు అన్నం దొరుకుతోంది, అందులో మన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. చెరువు తవ్వినవాడల్లా పాపి అని మేము అనడం లేదు. అలా అనేవారు ముందు తమ పళ్లెంలో ఉన్నదేమిటో చూసుకోవాలి.

ఇప్పుడు ఆయన ప్రశ్నకు వద్దాం. పొలాన్ని లీజుకు ఇవ్వడం దానికదిగా ధర్మసమ్మతమే. ఆ అద్దె హరామ్ అని మేము అనలేము. కానీ పొరుగువాడికి జరుగుతున్న నష్టం వేరే లెక్క. హనఫీ ఫిఖ్హ్‌లో ‘జరరె ఫాహిష్’ అనే మాట ఉంది, అంటే మితిమీరిన హాని. నా స్థలంలో నేను కమ్మరి కొలిమి పెట్టుకున్నాను, సుత్తి దెబ్బలకు పక్క ఇంటి గోడ బీటలు వారుతోంది. స్థలం నాదే, కొలిమీ నాదే. అయినా ఆ హానిని ఆపించే అధికారం ఖాజీకి ఉంది. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన ‘మజల్లా’ అనే న్యాయస్మృతిలో ఈ ఉదాహరణ స్పష్టంగా ఉంది. కొలిమి స్థానంలో ఉప్పునీటిని పెట్టి చూడండి. గోడ స్థానంలో వరి చేను పెట్టండి.

“చెరువు నాది కాదు, లీజుదారుడిది” అన్నారాయన. లీజు రాసేటప్పుడు పొలం చుట్టూ ఊట కాలువ తవ్వాలన్న షరతు పెట్టవచ్చు కదా? పట్టుబడి తర్వాత చెరువు నీటిని మురుగు కాలువలోకే వదలాలని, పక్కవాడి బోదెలోకి వదలరాదని రాయించవచ్చు కదా? ఎకరానికి ఎంత అన్నది పైసాతో సహా రాయించిన కలం అక్కడికి వచ్చేసరికి ఎందుకు ఆగింది?

“ఆయన మన వాడు కాదు” అన్న మాట మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. హజ్రత్ జిబ్రయీల్ (అలై) పొరుగువాడి గురించి ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, ఆస్తిలో కూడా వాటా ఇస్తారేమోనని దైవప్రవక్త (స) అనుకున్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. దీన్నే హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఎలా అర్థం చేసుకున్నారో చూడండి. ఆయన ఇంట్లో మేకను కోస్తే, మన యూదు పొరుగువానికి పంపించారా అని ఇంటివారిని మళ్లీ మళ్లీ అడిగారు. సహాబీలకు లేని తేడా మనకు ఎక్కడి నుంచి వచ్చింది?

హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంటి సంగతి మనం మీలాద్ సభల్లో వింటూనే ఉంటాము. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చి ఆయన ఇంట్లో దిగారు. ప్రవక్త (స) కింది భాగంలో, ఆయనా భార్యా పై భాగంలో ఉన్నారు. ఒక రాత్రి పైన నీటి కుండ పగిలింది. నీళ్లు కిందికి కారి ప్రవక్త (స)కు ఇబ్బంది కలుగుతుందేమోనని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటినంతా అద్దేశారు. కప్పుకోవడానికి మరో దుప్పటి లేదు. మనం ఈ గాథ విని కళ్లు తుడుచుకుంటాము. అది ప్రవక్త (స) పట్ల ప్రేమ, అందులో సందేహం లేదు. కానీ దానిలోనే మరో పాఠం ఉంది. పైన ఉన్నవాడి నీరు కింద ఉన్నవాడి మీద పడకూడదు. ఆ నీరు తియ్యటి నీరు. ఒక్క కుండ నీరు. మనది ఎకరాల కొద్దీ ఉప్పునీరు.

ఓడ హదీసు కూడా బుఖారీలో ఉంది. పై అంతస్తు కొందరికి, కింది అంతస్తు కొందరికి వచ్చింది. కిందివారు నీటి కోసం పైకి ఎక్కి దిగడం ఇబ్బంది అని, తమ భాగంలోనే రంధ్రం చేసుకుంటామన్నారు. వారిని వదిలేస్తే అందరూ మునుగుతారు, చేయి పట్టుకుంటే అందరూ బతుకుతారు. డెల్టాలో ఉండే మనకు ఈ హదీసుకు వ్యాఖ్యానం ఎందుకు? ఈ రోజు పక్కవాడి చేతిపంపు ఉప్పగా అయింది. భూమి లోపలి నీటికి సరిహద్దు రాళ్లు ఉండవు.

చివరికి హజ్. హజ్ ఫర్జ్, అది తన షరతులతో నెరవేరుతుంది. కానీ మనుషుల హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్, తిరిగి ఇస్తే తప్ప, లేదా హక్కుదారుడు మాఫీ చేస్తే తప్ప తీరవు. షహీద్‌కు సైతం అప్పు తప్ప మిగతావన్నీ మన్నించబడతాయని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతోంది. ఎర్రబారిన వరి కూడా అప్పే. ఆ అప్పు కాగితం మీద లేదు గనక మనకు కనబడటం లేదు. అందుకే ఆయనతో మేము ఇలా చెప్పాము: “ముందు ఆ రైతు దగ్గరికి వెళ్లండి. రెండేళ్లలో ఎంత పంట పోయిందో ఆయన్నే అడగండి. మీరు లెక్క వేయకండి, ఆయన లెక్క వినండి. ఊట కాలువ తవ్వించండి. లీజు తిరగరాసేటప్పుడు షరతులు రాయించండి. లీజుదారుడు ఒప్పుకోకపోతే డబ్బు తక్కువైనా మరొకరికి ఇవ్వండి, లేదా మళ్లీ వరి వేయండి. ఆ తర్వాత ఇహ్రాం సంగతి మాట్లాడదాం.”

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తస్బీహ్ జేబులో పెట్టుకుని “ఆ రొయ్య నయం హజ్రత్” అని లేచి వెళ్లిపోయారు.

ఈ మధ్య గుడివాడలో ఒక నికాహ్‌కు వెళ్లినప్పుడు ఆయన మళ్లీ కలిశారు. గట్టు వెంబడి కాలువ తవ్వించారట. ఇంటికి తాగునీటి కోసం రైతుకు పైపు వేయించారట. పోయిన పంటకు కొంత డబ్బు తీసుకువెళ్తే రైతు తీసుకున్నాడట గానీ, కూర్చోమనలేదట. పొలం మళ్లీ తేరుకోవాలంటే మంచి వానలు పడి ఉప్పు కడుక్కుపోవాలి, అది ఒక్క ఏడాదిలో అయ్యేది కాదు. హజ్ దరఖాస్తు ఆయన ఈసారి పెట్టలేదు. “వాళ్ల పొలంలో నారు నిలబడ్డాక పెడతాను హజ్రత్, దుఆ చేయండి” అన్నారు.

దుఆ చేస్తున్నాము. మీరూ చేయండి, ఆయన కోసం, ఆ రైతు పొలం కోసం.